చింతపండుతో తోమిన నంబరు

పొగ పరీక్షలో నా కారు పాసైంది. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే దాన్ని పాస్ చేయించిన మనిషికి అదే రోజు, మధ్యాహ్నం దాటగానే, నేను ద్రోహం చేశాను.

అది ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, రెండే సీట్లు. పైనంతా ఫైబరు, కింద ఇనప చట్రం. మన దేశంలోనే కొన్నాళ్ళు తయారై ఆగిపోయిన రకం. ఇరవై ఏళ్ళ కిందట నేవీ ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాను. అప్పటికి నేను పోర్టులో ఓడల సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో క్రేన్ల సూపర్‌వైజర్ని. ఇంట్లో మేం నలుగురం. నలుగురున్న ఇంటికి రెండు సీట్ల కారు కొన్నవాడి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం సాయంత్రాలు నేను బీచ్ రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగొచ్చేవాణ్ణి. నా భార్య పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని పెళ్ళికైనా, జ్వరానికైనా సిటీ బస్సే ఎక్కేది. పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ దారిన వాళ్ళు ఉద్యోగాలకి పోయారు. నేను రిటైరై మధురవాడలో ఫ్లాట్ తీసుకున్నాను. కారు మాత్రం కింద పార్కింగులో పరదా కప్పుకుని నాతోనే ఉండిపోయింది.

దాన్ని ఇన్నేళ్ళు బతికించినవాడు మల్కాపురంలో ఒక మెకానిక్. విజయనగరం వైపు పల్లె నుంచి, వ్యవసాయం చేసే ఇంట్లోంచి వచ్చి ఇక్కడ షెడ్డు పెట్టుకున్నాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న. మొదటి రోజే బానెట్ ఎత్తి లోపలికి చూసి, "ఏటి బావా, దీనికి పార్టులు ఎక్కడ దొరుకుతాయి? దేవుడివ్వాలి" అన్నాడు. ఆ రోజు నుంచి నేను బావనే. మాది గోదావరి వైపు. మా వైపు కొత్తవాణ్ణి ఎవరూ అంత తొందరగా బావని చేసుకోరు. మొదట్లో ఆ పిలుపు నాకు కొంచెం చిన్నతనంగా అనిపించేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అది లేకపోతే తోచేది కాదు.

పార్టులు దేవుడివ్వలేదు, అతనే వెతికాడు. వైపర్ మోటారు ఒక పాత వ్యాన్‌ది. హారన్ ఒక లారీది. కార్బురేటర్ లోపలి సూది ఒకటి తనే సానరాయి మీద అరగదీసి చేశాడు. బ్రేకులు బాగు చేసిన ప్రతిసారీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని యారాడ కొండ ఎక్కించి, అవతలి వైపు సముద్రం కనబడే వాలులో దించేవాడు. "ఆళ్ళ మిషన్లు తరవాత బావా. ఈ కొండ దిగితే సాలు, బ్రేకు సంగతి తెలిసిపోద్ది" అనేవాడు. కింద గ్రామంలో వలలు ఆరబెట్టుకునేవాళ్ళు ఈ ఎర్ర కారును చూసీ చూసీ, చివరికి తలెత్తి చూడ్డం కూడా మానేశారు.

పాత బండికి ఏటా పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. పదిహేనేళ్ళు దాటితే ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ ఏడు రెండూ ఒకే నెలలో పడ్డాయి. ఏది తప్పినా కారు తుక్కుకి పోవాల్సిందే. అతను తన మిగతా పనులు పక్కన పెట్టి వారం రోజులు దాని మీద కూర్చున్నాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గులు మార్చాడు, సైలెన్సర్‌లో చిల్లి పూడ్చాడు. పరీక్ష రోజు పొద్దున్నే తాళాలు నా చేతిలో పెట్టి, "ఇంజను ఏడెక్కకుండా పొగ పరీక్ష పెట్టించకు. ఇక్కడ్నించి ఆపకుండా ఎల్లు. మద్దిలో టీ తాగుదామని దిగినావో, మళ్ళీ మొదటికొచ్చేత్తాది" అన్నాడు.

ఆపకుండానే వెళ్ళాను. పొల్యూషన్ వ్యానతను పొగ గొట్టంలో రాడ్ దూర్చి, యాక్సిలరేటర్ తొక్కమని, తెర మీద అంకెలు చూసి కనుబొమలెగరేశాడు. "ఈమధ్య కొన్న బళ్ళు కూడా ఇంత శుభ్రంగా రావట్లేదు సార్. ఎవరు ట్యూన్ చేశారు?" అన్నాడు. నేను గర్వంగా నవ్వి ఊరుకున్నాను. ఎవరు చేశారో చెప్పలేదు. తర్వాత ఆలోచిస్తే ఆ రోజు మొదటి తప్పు అక్కడే జరిగిందనిపిస్తుంది. పొగడ్త వచ్చినప్పుడు అతని పేరు నా నోట రాలేదు. నాలుగైదు గంటల తర్వాత నింద వచ్చినప్పుడు మాత్రం వెంటనే వచ్చేసింది.

ఫిట్‌నెస్ గ్రౌండు ఊరి చివర ఉంది. తొమ్మిదింటికి టోకెన్ తీసుకుంటే, నా వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. నాకు ముందు ఆటోలు, రెండు స్కూలు బస్సులు, ఒక బొగ్గు లారీ. నీడ లేదు. సముద్రం వైపు నుంచి గాలి కూడా లేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. కూర్చుంటే సీటు కాలుతోంది, నిలబడితే మోకాళ్ళు లాగుతున్నాయి. లారీ డ్రైవరు వచ్చి నా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏటి గురువుగారూ, ఇది బండేనా, బొమ్మా?"

"బండే."

"మరి మిగతాది ఇంటికాడ వదిలేసినారేటి?"

చుట్టూ ఉన్న ఆటోవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఒళ్ళు మండింది. నా కారును చూసి జనం అసూయ పడతారని ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నవాణ్ణి.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఖాకీ చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి. మా పెద్దదానికంటే చిన్నదై ఉంటుంది. లైట్లు చూసింది, హారన్ కొట్టమంది, బ్రేకులు చూసి తలూపింది. తర్వాత బానెట్ ఎత్తించి, టార్చి పట్టుకుని, కుడిపక్క ఇనప చట్రం మీద ఛాసిస్ నంబరు కోసం వంగింది. ఆ నంబరు బండికి పుట్టుమచ్చ లాంటిది. దాని మీద సన్న కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడాలి. ఆ అచ్చు ఫైల్లో పెట్టి, పాత అచ్చుతో పోల్చుకుంటారు. ఐదేళ్ళ కిందట కొంచెం మసగ్గా పడింది గానీ పడింది. ఈసారి ఆ అమ్మాయి మూడు కాగితాలు మార్చింది. మొదటి రెండంకెలు, చివర ఒక అక్షరం. మధ్యలో అంతా వట్టి బూడిదరంగు.

"ఏం చేశారండీ దీనికి? ఎవరు గీకారు?"

ఎవరు చేశారో నాకు ఆ క్షణమే తెలుసు. నేనే.

మా పోర్టు క్రేన్లకి పాతకాలపు ఇత్తడి పలకలుండేవి. వాటి మీద క్రేన్ నంబరు చెక్కి ఉండేది. దసరాలో ఆయుధ పూజ రోజు కూలీలు ఆ పలకని చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమేవాళ్ళు. అది బంగారంలా మెరిసేది. దాని మీద పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళు. పలకే క్రేనుకి నుదురని వాళ్ళ లెక్క. ఆ పద్ధతి నేను నా కారుకి తెచ్చుకున్నాను. ప్రతి దసరాకీ వంటింట్లోంచి నిమ్మకాయంత చింతపండు ముద్ద తీసుకెళ్ళి, ఛాసిస్ నంబరు మీద ఇటుక పొడి వేసి, తెల్లగా వచ్చేదాకా తోమేవాణ్ణి. పసుపు నీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, అలాగే వదిలేసేవాణ్ణి. క్రేన్ మీది పలక ఇత్తడిది, నా కారు చట్రం ఇనుముది. ఇరవై దసరాల పులుపు, దానికి తోడు ఈ ఊరి ఉప్పుగాలి. ఏటా మెరుస్తోందని మురిసిపోయానే గానీ, తోమిన ప్రతిసారీ అంకెలు పలచబడుతున్నాయని చూసుకోలేదు. పైనంతా ఫైబరు కదా, నా బండికి తుప్పు పట్టదని అందరితో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

ఇదంతా ఆ అమ్మాయికి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. కానీ వెనకాల లారీ డ్రైవరు మెడ సాచి చూస్తున్నాడు. ఆటోవాళ్ళు ఇంకో జోకు కోసం సిద్ధంగా ఉన్నారు. చింతపండు అనే మాట నా నోట్లోంచి వస్తే ఏమవుతుందో కళ్ళముందు కనబడింది. అప్పటికి నాలుగు గంటలుగా ఎండలో ఉన్నాను. ఇది సాకు కాదు. అలసట వల్ల నేను కొత్త మనిషిని అయిపోలేదు, ఉన్న మనిషినే బయటపడ్డాను.

"పోయినేడు ఆ పక్కనే వెల్డింగ్ చేయించాను మేడమ్," అన్నాను. "మెకానిక్ గ్రైండరు పెట్టాడు. నేను దగ్గర లేను."

ఈ మూడూ నిజమే. పోయినేడు వెల్డింగ్ జరిగింది, గ్రైండరు పెట్టాడు, నేను దగ్గర లేను. ఆ వెల్డింగ్ నంబరుకి జానెడు దూరంలో జరిగింది. అది మాత్రం నేను చెప్పలేదు.

ఆ అమ్మాయి ముఖం మారింది. "ఛాసిస్ నంబరు మీద గ్రైండరు పెట్టడమంటే మామూలు విషయం కాదండీ. దొంగ బళ్ళకి చేసే పని అది. నేను రిమార్కు రాయాలి, పోలీసు స్టేషన్‌కి పంపాలి. మెకానిక్ పేరు, షెడ్డు అడ్రసు చెప్పండి."

చెప్పాను. వీధి పేరుతో సహా, ఎదురుగా ఉన్న టీకొట్టు గుర్తుతో సహా చెప్పాను.

నాకు ఈ విద్య కొత్త కాదు. కంపెనీలో ఏదైనా ప్రమాదం జరిగితే నివేదిక రాయాల్సింది నేనే. అందులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. దాంట్లో గదిలో లేనివాడి పేరు రాయడం నాకు చాలా తొందరగా అలవాటైంది. ఒకసారి తాడు జారి యంత్రాల పెట్టె ఒకటి జెట్టీ మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ పొద్దున తాడు తనిఖీ చేయాల్సింది నేను, చేయకుండానే సంతకం పెట్టాను. కారణం గడిలో 'కాంట్రాక్టు కూలీ అజాగ్రత్త' అని రాశాను. ఆ మనిషి మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. తలకి ఆకుపచ్చ తువ్వాలు చుట్టుకునేవాడు, అది గుర్తుంది. పేరు నా చేత్తోనే రాశాను గానీ గుర్తు లేదు.

ఇంటికొచ్చి, నంబరు సరిగ్గా కనబడలేదట, మళ్ళీ వెళ్ళాలి అని మాత్రం నా భార్యకి చెప్పి పడుకున్నాను. మెకానిక్‌కి ఫోన్ చేయలేదు. రేపు చేద్దాం అనుకున్నాను. అలా మూడు రోజులు గడిచాయి.

నాలుగో రోజు అతనే వచ్చాడు. మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి, చంకలో షెడ్డు పనుల పుస్తకం పెట్టుకుని వచ్చాడు. ఇరవై ఏళ్ళలో మా ఇంటికి రావడం అదే మొదటిసారి. ఆ సంగతి నాకు అతను చెప్పులు గుమ్మం బయట విడుస్తుంటే తట్టింది. సోఫాలో కూర్చోకుండా భోజనాల బల్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని అంచు మీద కూర్చున్నాడు.

"బావా, స్టేషన్‌కి పిలిసినారు నన్ను. పొద్దున్న తొమ్మిదింటికి ఎల్తే మజ్జానం దాకా కూకోబెట్టినారు. కొట్టలేదు, తిట్టలేదు, మరియాదగానే అడిగినారు. ఎన్ని బళ్ళకి నంబర్లు గీకినావు, ఎవులు తెచ్చినారు అని. ఏ బండి గురించో మాత్రం సెప్పలేదు. నాను ఏటి సెప్తాను? ఈ పుస్తకం సూపించినాను. సదివి, మళ్ళీ రమ్మన్నారు."

నా భార్య కాఫీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఈదిలో అందరూ సూసినారు బావా. నలుగురు కేబు డ్రైవర్లు సగం విప్పిన బళ్ళు తోసుకుని పట్టుకెళ్ళిపోనారు. టీకొట్టు ఆవిడ కూడా ఏటి గొడవ అని అడగట్లేదు, ఊరికే సూత్తంది. ఇంకో వారం ఇలాగుంటే షెడ్డు మూసుకోవాలి. ఎవడో నా మీద గిట్టక సెప్పుంటాడు." నా వైపు తిరిగాడు. "నువ్వు రా బావా ఒకసారి. సదువుకున్నోడివి, ఆఫీసరు మాదిరి ఉంటావు, నీ మాట ఇంటారు. ఈడు అలాంటోడు కాదని ఒక్క మాట సెప్పు. నీకు తెల్సు కదేటి."

నాకు తెలుసు. కాఫీ కప్పు పట్టుకుని, "చూద్దాం. నేను మాట్లాడతాను" అన్నాను. అతను నా మాట నమ్మి, కాఫీ పూర్తిగా తాగి, కప్పు తనే సింకు దాకా తీసుకెళ్ళి పెట్టి వెళ్ళిపోయాడు.

లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినబడ్డాక నా భార్య అడిగింది. "ఏ నంబరండీ అది?"

"ఛాసిస్ నంబరు."

"దసరాకి మీరు బొట్టు పెడతారే, అదేనా?"

నేను కప్పు బల్ల మీద పెట్టాను.

"ఏటేటా నా దగ్గర చింతపండు ముద్ద అడిగి పట్టుకెళ్ళేది ఎవరండీ? దేవుడి ఇత్తడి సామాన్లు తోమిపెట్టమంటే ఒక్కనాడు చెయ్యి తడుపుకోలేదు మీరు. దాన్నైతే గంటసేపు తోమేవారు." ఆగింది. "ఆయన మీద చెప్పింది ఎవరు?"

ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, అతను బల్ల మీద మర్చిపోయిన కళ్ళజోడు తీసి నా ముందుకు జరిపింది.

మర్నాడు పొద్దున ఆ కళ్ళజోడు పట్టుకుని మల్కాపురం వెళ్ళాను. కారు గ్రౌండు నుంచి తెచ్చి ఇంటి దగ్గరే ఉంచాను. బస్సులోనే వెళ్ళాను. షెడ్డులో ఒక్క బండి కూడా లేదు. అతను చేతులకి సబ్బూ రంపపు పొట్టూ రుద్దుకుంటున్నాడు, చేసిన పనేమీ లేకపోయినా. నిలబడే చెప్పాను. చింతపండు దగ్గర మొదలుపెట్టి, లారీ డ్రైవరు నవ్వడం, గ్రైండరు మాట, టీకొట్టు గుర్తు చెప్పడం, అన్నీ చెప్పాను.

"సింతపండా?" అన్నాడు.

"అవును."

"ఇనుముకి సింతపండు." ఒకసారి గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయాను. "అంత సదువు సదువుకున్నావు, ఇనుముకి పులుపు తగిల్తే ఏటౌద్దో తెల్దా? నాను ఏటా సూత్తన్నాను, అక్కడ పసుపుంటాది, దేవుడి పని కదాని ముట్టుకునీవోణ్ణి కాదు."

కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"ఆ రోజు ఎండలో నోరు జారినావు. సరే, మనిసన్నాక జారతాది. నిన్న నీ ఇంటికొచ్చినాను. మీ ఆవిడ కాఫీ ఇచ్చింది. నా ఎదురుగా కూకున్నావు. అప్పుడు సెప్పొచ్చు కదా సార్."

ఇరవై ఏళ్ళలో అతను నన్ను సార్ అనడం అదే మొదలు.

క్షమించమని అడిగాను. ఆ మాట అతను వినిపించుకోలేదు. "నోటిమాట నాకొద్దు. మీరు నోటితోనే కదా సెప్పినారు అక్కడ. కాయితం మీద రాయండి. నా పేరు రాయండి, నాను సెయ్యలేదని రాయండి. ఎవులు సేసినారో అదీ రాయండి. ఎలాగ సేసినారో కూడా."

"చింతపండు సంగతా?"

"అదే ముందు రాయండి."

టీకొట్టు బల్ల మీద కూర్చుని రాశాను. ముప్పై ఏళ్ళు నివేదికలు రాసినవాణ్ణి, ఆ ఒక్క పేజీకి నాలుగు కాగితాలు చింపాను. మొదటి కాగితంలో 'పొరపాటు జరిగినది' అని రాశాను. అతను నా భుజం మీంచి చదివి, "జరగడమేటి? ఎవులు సేసినారు?" అన్నాడు. రెండోదాంట్లో 'నా వలన' అని రాశాను. అదీ ఒప్పుకోలేదు. నాలుగోది ఇలా మొదలైంది: 'నా కారు ఛాసిస్ నంబరు చెరిగిపోవడానికి కారణం నేను. ప్రతి ఆయుధ పూజకీ చింతపండుతో, ఇటుక పొడితో తోమాను. అడిగినప్పుడు సిగ్గుపడి మెకానిక్ మీద పడేలా చెప్పాను. అతను నా బండి నంబరు మీద ఎన్నడూ చెయ్యి వేయలేదు.'

ఆ కాగితం పట్టుకుని ఇద్దరం స్టేషన్‌కి వెళ్ళాం. రైటరు చదివి, పక్కనున్నాయనకి ఇచ్చాడు. ఆయన చదివి నన్ను పైనుంచి కిందికి చూశాడు. పాత అచ్చుతో మిగిలిన అంకెలు, ఇంజన్ నంబరు సరిచూసుకుని, మెకానిక్‌తో ఇక రానక్కర్లేదన్నారు. కారు సంగతి అంత తొందరగా తేలలేదు. నంబరు మళ్ళీ కొట్టించడానికి అనుమతి కావాలన్నారు. దరఖాస్తు, ఫొటోలు, మళ్ళీ దరఖాస్తు. రెండు నెలలు పరదా కింద కదలకుండా ఉండేసరికి బ్రేకులు పట్టేశాయి.

బాగు చేయనంటాడేమో అనుకున్నాను. చేశాడు. చేసి, ఎప్పటిలాగే యారాడ కొండకి తీసుకెళ్ళాడు. ఈసారి నన్ను నడపమని తను పక్కన కూర్చున్నాడు. దిగేటప్పుడు రెండో మలుపులో గేదెలు అడ్డొచ్చాయి.

"బ్రేకెయ్ బావా!" అని అరిచాడు.

వేశాను. కారు ఎటూ లాగకుండా తిన్నగా ఆగింది. గేదెలు నింపాదిగా దాటి వెళ్ళాయి. అతను ముందుకు చూస్తూ, "బ్రేకులు బాగున్నాయి సార్" అన్నాడు.

రెండోసారి గ్రౌండుకి నా భార్య కూడా వచ్చింది. "నేనూ వస్తాను. అక్కడ ఏం చెప్తారో వినాలి" అంది. ఆ సీట్లో ఆవిడ ఇరవై ఏళ్ళలో నాలుగైదుసార్లు కూర్చుని ఉంటుందేమో. బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక వెతుక్కుంటుంటే తల తిప్పుకున్నాను. మళ్ళీ టోకెన్, మళ్ళీ ఎండ. ఆవిడ గొడుగు, పెరుగన్నం డబ్బా తెచ్చుకుంది. పన్నెండుకి గొడుగు కింద ఇద్దరం తిన్నాం.

ఆ ఖాకీ అమ్మాయే వచ్చింది. ఫైలు తెరిచి, నేను రాసింది చదివి, నా వైపు కాకుండా నా భార్య వైపు చూసింది.

"చింతపండు ఇచ్చింది మీరేనా అమ్మా?"

"నేనేనమ్మా. మొదటేడు దేవుడి సామాన్లకి అనుకుని ఇచ్చాను."

ఆ అమ్మాయి నవ్వాపుకుంది. వెనకాల క్యూలో ఎవరో "చింతపండేటి?" అని అడిగారు, ఇంకెవరో చెప్పారు, నవ్వు ఆటో నుంచి ఆటోకి పాకిపోయింది. నేను అంతగా భయపడిన నవ్వు అదే. పది నిమిషాలైనా లేదు. ఆ పది నిమిషాలు తప్పించుకోవడానికి ఒక మనిషి షెడ్డు మూయించబోయాను.

కొత్తగా కొట్టిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అన్ని అంకెలూ నల్లగా పడ్డాయి. కారు పాసైంది. నాకు ఏ సంతోషమూ కలగలేదు, నిద్రపోవాలనిపించింది.

రిజిస్ట్రేషన్ పొడిగింపు వచ్చాక మెకానిక్ నన్ను ఒకటే అడిగాడు, ఆ కాగితం నకలు. ఇచ్చాను. దాన్ని లామినేషన్ చేయించి షెడ్డులో పైడితల్లమ్మ పటం పక్కన మేకుకి తగిలించాడు. కేబు డ్రైవర్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. అందరూ కాదు. ఒకతను గాజువాకలో వేరే చోటికి అలవాటు పడిపోయాడు, ఇప్పటికీ రాలేదు. అతని పేరు మెకానిక్ నా దగ్గర ఎప్పుడూ ఎత్తడు. నేనే గుర్తుంచుకుంటున్నాను.

ఇప్పుడు దసరాకి స్టీరింగు మీద ఒక కుంకుమ బొట్టు పెట్టి ఊరుకుంటున్నాను. ఇత్తడి దీపాలు మాత్రం నేనే తోముతున్నాను.

మొన్న ఈ ఏటి పొగ పరీక్ష వచ్చింది. పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. అతను బానెట్ కింద తల పెట్టి స్క్రూ తిప్పుతూ ఇంజన్ చప్పుడు వింటున్నాడు. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము ఆ లామినేషన్ కాగితం మీద సన్నగా పేరుకుంది. కొత్తగా వచ్చిన కేబు డ్రైవరొకతను తన బండి వంతు కోసం ఎదురుచూస్తూ, మసిగుడ్డతో ఆ దుమ్ము తుడిచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చింతపండు దగ్గరికి వచ్చేసరికి పడీ పడీ నవ్వాడు.

"ఎవులు బావా ఈ మహానుబావుడు?"

మెకానిక్ తల ఎత్తలేదు. "ఆ స్టూలు మీద కూకున్నాయన."

కేబు డ్రైవరు నవ్వు సగంలో ఆగిపోయింది. నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

"నేనేనండీ," అన్నాను.

మెకానిక్ బానెట్ దించి, గుడ్డతో చేతులు తుడుచుకుని, తాళాలు నాకిచ్చాడు.

"ఇంజను ఏడెక్కింది సార్. మద్దిలో ఆపకుండా ఎల్లండి."